అలుగు వచ్చింది, ఆమెన్ రాలేదు

నోరు జారడం వల్ల జరిగే అనర్థాల గురించి మీరు చాలా విని ఉంటారు. నేను చెప్పబోయేది నోరు ఆగకపోవడం వల్ల జరిగిన అనర్థం. పైగా ఆ నోరు ఎవరిదనుకున్నారు? ఇరవై మూడేళ్లుగా "కాస్త గట్టిగా మాట్లాడమ్మా" అని అందరూ బతిమాలినా తెరుచుకోని నాది. తెరుచుకున్నది ఒకే ఒక్కసారి, అదీ ఓ ఏడు నిమిషాలు. ఆ ఏడు నిమిషాల్లో నాకు ముగ్గురితో చెడింది. ఒక పెద్దాయన ముప్పై ఏళ్ల కోరిక నా కళ్ల ముందే, పొలుసుల తోక ఈడ్చుకుంటూ, పొదల్లోకి వెళ్లిపోయింది.

నేనెంత సిగ్గరినో ముందు చెప్పాలి, లేకపోతే మీరు నమ్మరు. షేర్ ఆటో ఎక్కితే "ఇక్కడ ఆపండి" అనడానికి నాకు గొంతు రాదు. ఇంకెవరైనా దిగేదాకా కూర్చుని, అక్కడ దిగి, వెనక్కి నడిచి వస్తాను. అందుకే బిట్రగుంటలో మా ఇల్లు దాటాక వచ్చే రెండు వీధులు నాకు బాగా తెలుసు. కావలిలో ఒక స్కూలు లైబ్రరీలో పని చేస్తున్నాను. ఆ ఉద్యోగానికి ఎందుకు వెళ్లానంటే, మాట్లాడవద్దని అక్కడ గోడ మీదే రాసి ఉంటుంది. నోటితో ఎంత పొదుపో డైరీలో అంత దుబారా. పగలంతా అనలేకపోయిన మాటలన్నీ సాయంత్రం డైరీలో పోస్తాను. ఎవరిని ఏమనాలనుకున్నానో, ఎవరు ఏం చేశారో, పేర్లతో సహా.

ఆ "పేర్లతో సహా" అన్నది గుర్తుంచుకోండి. నేను గుర్తుంచుకోలేదు.

మా చర్చి సంఘంలో ఒక పద్ధతి ఉంది. ఎవరైనా ప్రార్థన చేస్తుంటే మిగతావాళ్లంతా కళ్లు మూసుకోవాలి. ఆమెన్ అన్నాకే తెరవాలి. చిన్నప్పుడు ఆదివారపు బడిలో టీచరు కళ్లు మూసుకుని ప్రార్థన చేసి, కళ్లు తెరవగానే "మధ్యలో కళ్లు తెరిచిందెవరు?" అని అడిగేది. ఎవడో ఒకడు లేచి "ప్రసాదు తెరిచినాడు టీచర్, నేను చూసినా" అనేవాడు. ఇద్దరికీ దెబ్బలు పడేవి. అలా పెరిగినవాళ్లం. ప్రార్థన మధ్యలో కళ్లు తెరిచానని ఒప్పుకోవడం కంటే మాకు దొంగతనం ఒప్పుకోవడం తేలిక.

రెండో పద్ధతి నా ప్రాణం మీదికి వచ్చింది. ఆడపిల్లలందరూ వంతులవారీగా పైకి ప్రార్థన చేయాలని మా పాస్టరమ్మగారి పట్టుదల. ఆమె మంచి మనిషి, నాకు కేకులు కూడా పెడుతుంది, కానీ ఈ విషయంలో రాయి. నా వంతు వచ్చినప్పుడల్లా నేను తప్పించుకున్నాను. ఒకసారి దగ్గు తెచ్చుకున్నాను. ఒకసారి చెప్పులు పోయాయని బయటికి పరుగెత్తాను. మూడోసారి నిజంగానే జ్వరం వచ్చింది, అది మాత్రం ఎవరూ నమ్మలేదు.

ఇక గార్డు తాత. ఆయన అసలు పేరు ఏసుపాదం, గూడ్సు బండి గార్డుగా చేసి రిటైరయ్యాడు. మా సంఘ పెద్ద. డెబ్బై మూడేళ్లు. ఆయనకు జీవితంలో తీరని కోరిక ఒకటే ఉంది. అలుగును చూడాలి. ఒంటినిండా పొలుసులుండి, చీమల్నీ చెదల్నీ తిని బతికే ఆ జంతువు ఇప్పుడు చాలా అరుదైపోయింది. ఆ కథ ఆయన మాకు ఎన్నిసార్లు చెప్పాడో లెక్కలేదు.

"ముప్పై ఏళ్ల కింద వెంకటగిరి అవతల బండి ఆగిందమ్మా. నేను బ్రేకు వ్యానులో కూర్చోనుండా. పట్టాల పక్కన పొదలో పొలుసుల తోక కనపడింది. ఇదేందబ్బా అని వంగినా. అప్పుడే ఇంజను కూత పెట్టింది. జెండా ఊపాల గదా? ఊపి, తిరిగి చూస్తే ఏముండాది? పొద ఉండాది."

"తోకన్నా చూసినావు గదా తాతా" అని నా స్నేహితురాలు కెజియా ఓదార్చేది.

"తోక చూసినోడు చూసినట్టా, చూడనట్టా? ముఖం చూడాల మే! ముఖం చూడకుండా పెళ్లి సంబంధం కూడా ఒప్పుకోరు గదా!"

రిటైరయ్యాక ఆయన పడమటి కొండల కింద ఉన్న రక్షిత అడవికి ఆరుసార్లు వెళ్లాడు. ఆరుసార్లూ నెమళ్లూ జింకలూ ఆయనకు ఎదురొచ్చి మరీ కనిపించాయి. అలుగు మాత్రం రాలేదు. ఈలోగా మోకాళ్లు అరిగాయి. ఇక కొండదారులు నడవకూడదని డాక్టరు కచ్చితంగా చెప్పేశాడు. "ఏడోసారి పోయొస్తా, అదే ఆఖరు. కనపడకపోతే పరలోకంలో అడుగుతా, నాకెందుకు చూపించలేదని" అన్నాడు తాత. అది విని పాస్టరమ్మగారు స్త్రీల సమాజం విహారయాత్రను మైపాడు బీచి నుంచి అడవికి మార్చేసింది.

"అలుగంట, అడవంట! జువ్వలదిన్నె పోతే తాజా చేపలన్నా దొరుకుతాయి గదా, వాటికీ పొలుసులే" అని సరోజత్త సణిగింది. సరోజత్త మా సంఘంలో చేపల పులుసుకు పేరుపడ్డ మనిషి. ఆ పేరు ఎలా పడిందో కాసేపట్లో మీకే తెలుస్తుంది.

ప్రయాణానికి ముందురోజు సాయంత్రం పాస్టరమ్మగారు ఫోన్ చేసింది. "దీవెనా, రేపు టిఫిన్ ముందు ప్రార్థన నువ్వే. అడవిలో దగ్గితే అలుగు పారిపోతాది, కాబట్టి దగ్గు రాకూడదు. చెప్పులు కాళ్లకే ఉంటాయి. జ్వరం వస్తే మాత్ర నా బ్యాగులో ఉండాది."

దారులన్నీ మూసేసింది. కూర్చుని ఏడ్చాను. తర్వాత, పుస్తకాల పురుగుకు తట్టే ఉపాయమే తట్టింది. ప్రార్థనను డైరీలో రాసుకున్నాను. ముత్యాల్లాంటి అక్షరాలతో ఒక పేజీ. అందరూ కళ్లు మూసుకునే ఉంటారు కదా, నేను చున్నీ చాటున డైరీ తెరిచి చూసి చదివేస్తే ఎవరికి తెలుస్తుంది? ఆ ఉపాయానికి నన్ను నేనే మెచ్చుకుని నిద్రపోయాను.

తెల్లవారకముందే వ్యాను బయలుదేరింది. పాస్టరమ్మగారు, గార్డు తాత, సరోజత్త, కెజియా, నేను, సమాజం నుంచి మరో ఇద్దరు అత్తలు. దారంతా పాటలు. తాత మాత్రం పెళ్లికొడుకులా ఇస్త్రీ చొక్కా వేసుకుని, ముందు సీట్లో నిటారుగా కూర్చున్నాడు. "తాతా, అంత తెల్ల చొక్కా ఎందుకు, అలుగు బెదరదా?" అంది కెజియా. "ముప్పై ఏళ్ల తర్వాత కలుస్తాండా. మాసిన చొక్కాతో పోయేదా?" అన్నాడు.

గేటు దగ్గర అటవీ వాచరు పెంచలయ్య మాకోసం నిలబడి ఉన్నాడు. తాతను చూడగానే నవ్వాడు. "ఏడోసారా పెద్దాయనా?"

"ఏడోసారి. ఈసారి అబద్ధం చెప్పొద్దయ్యా. ఉండాదా, లేదా?"

"రాత్రి వాన పడింది. చెదలు పైకొచ్చుంటాయి. మామూలుగా ఎండ పొడిచేలోపల గుంతలోకి పోతాది, ఈరోజు మబ్బు. ఆశ పెట్టుకోవచ్చు."

ఆ "ఆశ పెట్టుకోవచ్చు" అన్న మాటతో మా ఏడుగురికీ కాళ్లలో స్ప్రింగులు మొలిచాయి. తడిసిన మట్టి వాసన, ఆకుల నుంచి బొట్లు, పొదల్లో మాకు కనిపించకుండా మా గురించే మాట్లాడుకుంటున్నట్టు పిట్టలు. నేను పుస్తకాల్లో అడవుల గురించి ఎన్నో చదివాను. కానీ ఏ పుస్తకమూ నా మెడ మీద చల్లటి నీటిబొట్టు వేయలేదు. ప్రతి పొద వెనకా ఏదో ఉందనిపించింది. నాకు ఎంత ఉత్సాహమంటే, అడక్కుండానే కెజియాతో మూడు వాక్యాలు మాట్లాడేశాను. అది ఆగి నా నుదురు ముట్టుకుని చూసింది.

అర గంట నడిచాక పెంచలయ్య చెయ్యెత్తాడు. ముందు ఒక పుట్ట, పక్కనుంచి ఎవరో గునపంతో తవ్వినట్టు పగిలి ఉంది. మట్టి ఇంకా తడిగా ఉంది.

"ఇది దాని పనే" అన్నాడు గుసగుసగా. "ఇప్పటిదే. దగ్గర్లోనే ఉండాది."

తాత కర్రతో ఒకడుగు ముందుకేశాడు. "దగ్గర్లోనే అంటే ఎంత దగ్గర?"

"అది మనకు చెప్పి రాదు పెద్దాయనా. దానికి చూపు ఆనదు, ముక్కూ చెవులే ఆధారం. ఒకే తీరుగా సవ్వడి ఉంటే పట్టించుకోదు. ఉన్నట్టుండి చప్పుడైతే మాత్రం ఉండ చుట్టుకుంటాది, లేదంటే పొదలోకి దూరతాది. ఫోన్లు లోపల పెట్టండి. ఈడ కూర్చోని టిఫిన్ తినండి, నేను వాగు కాడ అడుగులుండాయేమో చూసొస్తా."

ఆయన అటు వెళ్లాడో లేదో పాస్టరమ్మగారు నా వైపు తిరిగింది. నోటితో ఏమీ అనలేదు, కనుబొమ్మలతో అంది. అందరూ గుండ్రంగా నిలబడ్డారు. మధ్యలో ఇడ్లీ క్యారియరు. తలలు వంగాయి, కళ్లు మూతపడ్డాయి. తాత నాకు ఎదురుగా, రెండు చేతులూ కర్ర మీద పెట్టి, పరీక్ష రాసే పిల్లవాడిలా కళ్లు గట్టిగా బిగించుకున్నాడు.

నేను చున్నీ చాటున డైరీ తెరిచాను.

"ప్రేమగల మా పరలోకపు తండ్రీ, మీ నామమునకు స్తోత్రములు..."

"స్తోత్రం" అన్నారందరూ మెల్లగా.

ఎంత చక్కగా మొదలైందనుకున్నారు! గొంతు వణకలేదు. "ఈ అడవిని, ఇందులోని ప్రతి జీవిని మీరే చేశారు తండ్రీ. మా గార్డు తాతగారి కోరిక మీకు తెలియనిది కాదు. ఆయన ఈసారైనా అలుగును కళ్లారా చూసేలా చేయండి తండ్రీ..."

"స్తోత్రం!" తాత గొంతే అందరికంటే పైన వినిపించింది.

పేజీ చివరికి వచ్చాను. ఇక "ఆమెన్" ఒక్కటే మిగిలింది. ఆ ఒక్క మాట కోసం తలెత్తాను.

తాతకు ఎడమ పక్కన, పుట్ట వెనక నుంచి, అలుగు వస్తోంది.

మన సరుగుడు తోపుల్లో కింద రాలే కాయలు చూశారు కదా? అలాంటి ఒక కాయ వెయ్యింతలు పెరిగి, కాళ్లూ తోకా మొలిపించుకుని బయలుదేరిందనుకోండి. పెంకుటింటి కప్పులా పొలుసు మీద పొలుసు. ముందుకాళ్ల గోళ్లను లోపలికి మడిచి, అప్పుడే గోరింటాకు పెట్టించుకున్న చేతుల్లా, దేనికీ తగలకుండా జాగ్రత్తగా అడుగులేస్తోంది. నాలుగడుగులు వేసి, వెనకకాళ్ల మీద లేచి నిలబడింది. ముందుకాళ్లు రెండూ గుండెల దగ్గర పెట్టుకుని, తల వంచి, ఆలస్యంగా గుడికొచ్చి వెనక వరుసలో నిలబడ్డ మనిషిలా నిలబడింది. ఒట్టు, అచ్చం అలాగే.

నా గుండె ఇడ్లీ క్యారియరు మూతలా ఎగిరిపడింది. వచ్చింది! అడిగీ అడగకముందే వచ్చింది!

ఇక్కడ, తెలివైనవాళ్లు ఎవరైనా ఏం చేస్తారు? ఆమెన్ అంటారు. నేను తెలివిగా ఆలోచించాను. ఆమెన్ అంటే మిగతా ఆరుగురూ గట్టిగా ఆమెన్ అంటారు. క్యారియరు గిన్నెలు మోగుతాయి. సరోజత్త కేక పెడుతుంది. తాత తల తిప్పేలోపల అది ఉండదు. ఒకే తీరుగా సవ్వడి ఉంటే పట్టించుకోదని పెంచలయ్య చెప్పాడు కదా? కాబట్టి ప్రార్థన ఆపకూడదు. ప్రార్థనలోనే తాతకు తెలియజెప్పాలి. ఆహా, ఎంత ఉపాయం!

"తండ్రీ..." అన్నాను, అదే గొంతుతో. "మీరు చేసిన జీవుల్లో పొలుసులు గల జీవులు కూడా ఉన్నవి తండ్రీ..."

"స్తోత్రం."

"అవి కొన్నిసార్లు మనకు చాలా దగ్గరగా ఉంటాయి తండ్రీ. ఇప్పుడే. ఈ క్షణమే. కొందరికి ఎడమ పక్కన..."

"స్తోత్రం, స్తోత్రం."

"చూడవలసినవారు చూడవలసినది చూచుటకు కళ్లు తెరువుము తండ్రీ! తెరువుము!"

"స్తోత్రం!" అంది సరోజత్త పరవశంగా, కళ్లు ఇంకా గట్టిగా మూసుకుని.

అలుగు ముక్కు గాల్లో ఆడించింది. మళ్లీ కిందికి వంగి, తాత కాళ్ల వైపే నడవసాగింది. నా దగ్గర మాటలు అయిపోయాయి. గొంతు ఆగితే అది పారిపోతుంది. ఏదో ఒకటి చదవాలి. పేజీ తిప్పాను.

వెనక పేజీలో ఏముందో మీకు తెలుసు. పేర్లతో సహా.

"...తండ్రీ, కెజియా నా నెమలికంఠం రంగు చున్నీని క్రిస్మస్‌కు తీసుకుంది, ఈస్టరు ముందు మట్టల ఆదివారం వచ్చినా తిరిగి ఇవ్వలేదు తండ్రీ. అడిగితే ఏ చున్నీ అంటుంది..."

"స్తో..." అని ఎవరో మొదలుపెట్టి ఆగిపోయారు.

నాకు నేను ఏం చదువుతున్నానో తెలియడం లేదు. నా కళ్లు ఒక క్షణం పేజీ మీద, రెండు క్షణాలు అలుగు మీద. అది నాలుక చాపింది. సేమ్యా పోగులా సన్నగా, మూరెడు! నేల మీది చెదల్ని ఊడ్చేస్తోంది.

"...పాస్టరమ్మగారు పాట ఎత్తుకుంటే కీబోర్డు ఒక దారిన, ఆమె ఒక దారిన పోతారు తండ్రీ. ఆఖరి చరణం దగ్గర కూడా కలుసుకోరు..."

ఎవరో గొంతు సవరించుకున్నారు. అలుగు తాత కర్రను వాసన చూసింది. తాత మడమ పక్కన జానెడు దూరంలో! నేను చదువుతూనే ఉన్నాను:

"...మొన్న ప్రేమవిందులో సరోజత్త పెట్టిన చేపల పులుసును ఎవరూ చూడకుండా గుడి వెనక కుక్కకు పెట్టాను తండ్రీ. అది వాసన చూసి నా వైపు చూసింది. ఇంతకాలం స్నేహంగా ఉన్నాం కదా, నీకు నేనేం ద్రోహం చేశానన్నట్టు చూసింది తండ్రీ..."

నెల్లూరు జిల్లాలో ఒక మనిషి చేపల పులుసును అంత మాట అంటే కోర్టుకు కూడా వెళ్లవచ్చు.

అప్పుడు అలుగు తాత వెనకగా తిరిగి, తాపీగా, పొలుసుల తోక ఈడ్చుకుంటూ బలుసు పొదలోకి దూరింది. తోక కొస కూడా మాయమయ్యాక, అలిసిపోయిన గొంతుతో అన్నాను.

"ఆమెన్."

ఆ ఆమెన్‌కు జవాబుగా ఒక్క తాత గొంతే వచ్చింది. ఆయన కళ్లు తెరిచిన మరుక్షణం ఎడమ పక్కకు తిరిగాడు. అటు చూశాడు, ఇటు చూశాడు. కర్ర సర్దుకుంటున్నాడు కాబోలనుకున్నాను. మిగతావాళ్లంతా ఇడ్లీల వైపే చూస్తున్నారు.

పెంచలయ్య వాగు నుంచి వచ్చి, నేల చూసి, కేక పెట్టబోయి నోరు మూసుకున్నాడు. "ఏందమ్మా ఇది! ఈడికే వచ్చింది! ఇదిగో తోక గీత, ఇవి గోళ్ల గుర్తులు! పెద్దాయన కాళ్ల కాడనే తిరిగింది! ఎవరూ చూడలేదా?"

సరోజత్త ఇడ్లీ గిన్నెల మూతలు తీయసాగింది.

"ఇంతమంది నిలబడుకోని, ఒక్కరు కూడా?"

"ప్రార్థనలో ఉన్నాం" అంది పాస్టరమ్మగారు, చెట్టు కొమ్మకేసి చూస్తూ.

నేను చెప్పాలి. చూశానని చెబితే కళ్లు తెరిచినట్టు ఒప్పుకోవాలి. తెరిచానంటే డైరీ చూసి చదివినట్టు ఒప్పుకోవాలి. ఇడ్లీ నోట్లో పెట్టుకుని, దాన్ని పదకొండు గంటల దాకా నమిలాను. తర్వాత ఎంత వెతికినా అలుగు మళ్లీ కనిపించలేదు. తాత ఆ తోక గీత పక్కన కష్టపడి మోకాళ్లు వంచి కూర్చుని, వేలితో దాన్ని తడిమి లేచాడు. నాకు ఆ గీతలోనే పడి మాయమైపోవాలనిపించింది.

తిరుగు ప్రయాణంలో పాటలు లేవు. ఆత్మకూరు దాటాక సరోజత్త ఇక ఆగలేకపోయింది.

"మ్మే దీవెనా! నా పులుసు కుక్కకు పెట్టినావా?"

నేను సీటులోకి కుంగిపోయాను.

"అడుగుతాండా గదా! ఆ మాట చెవిన పడేసరికి నాకు ఒళ్లు మండింది. కళ్లు తెరిచి నీ వైపు చూస్తే, నువ్వు యాడనో చూస్తాండావు. ఏంది చూస్తాందబ్బా ఈ పిల్ల అని నేనూ అటు చూస్తే..." సరోజత్త నాలుక కరుచుకుంది.

పాస్టరమ్మగారు మెల్లగా వెనక్కి తిరిగింది. "సరోజా. ప్రార్థనలో కళ్లు తెరిచినావా?"

"ఏదో కొంచెం..."

"కొంచెమేంది? కళ్లు కొంచెం తెరవడమేంది? అది జానెడు దూరంలో ఉన్నా సరే, నాలుక చాపినా సరే, మనం మూసుకునే ఉండాల!"

సరోజత్త సీటులో ముందుకు జరిగింది.

"అమ్మగారూ" అంది సరోజత్త, చాలా మర్యాదగా. "జానెడు దూరమని నేను చెప్పలేదే. నాలుక సంగతి కూడా చెప్పలేదే."

పాస్టరమ్మగారి ముఖం కుంకుమ రంగుకు తిరిగింది. "కీబోర్డు ఒక దారి అన్నప్పుడు... ఎవరికైనా..."

"నేనైతే చున్నీ కాడనే తెరిచినా" అంది కెజియా. "మొత్తం చూసినా. ఫోన్ తీసి ఫొటో కొట్టాలని చెయ్యి జేబుదాకా పోయింది. కానీ ఫొటో చూపిస్తే కళ్లు తెరిచినట్టు తెలిసిపోతాది గదా, అందుకే ఊరుకున్నా."

వెనక సీటులోని ఇద్దరు అత్తలు కిటికీల్లోంచి బయటికి చూశారు. నా నోట ఇంకెవరి పేరు వస్తుందో చూద్దామని కళ్లు తెరిచామని, కావలి దాకా బతిమాలించుకుని చెప్పారు.

అప్పుడు అందరికీ ఒకేసారి తట్టింది. అందరి తలలూ ముందు సీటు వైపు తిరిగాయి. తెల్ల చొక్కా నిటారుగా ఉంది.

"అయితే అందరూ చూసినారు" అన్నాడు తాత, వెనక్కి తిరగకుండా. "మంచిది."

ఆ "మంచిది" విని నా నోరు దానంతట అదే తెరుచుకుంది. "తాతా, తప్పు నాదే! ఆమెన్ అంటే అది పారిపోతాదని... మీకు తెలియాలనే పొలుసులు అని, ఎడమ పక్కన అని..."

"అప్పుడే తెలిసిందమ్మా."

"ఆఁ?"

"పొలుసులు అన్నావు, ఎడమ పక్కన అన్నావు. గూడ్సు గార్డుగా చేసినోడిని, ఆ మాత్రం తెలీదా? నా మడమ కాడ ఉఫ్ ఉఫ్ అని ముక్కుతో పీల్చడం కూడా వినపడింది. కాలికి గాలి తగిలింది."

"మరి కళ్లు తెరవలేదేంది తాతా!" అని వ్యానంతా అరిచింది.

"ప్రార్థన అవలేదు గదమ్మా!" తాత ఇప్పుడు వెనక్కి తిరిగాడు. "పుట్టి బుద్ధెరిగినాక ఆమెన్ రాకుండా కళ్లు తెరిచినోడిని కాదు. ఇప్పుడంటాది, ఇప్పుడంటాది అని కాచుకోనుండా. ఆ పిల్ల చున్నీ కాడికి పోయింది. సరే, చున్నీ ఎంతసేపు, అయిపోతాది అనుకున్నా. కీబోర్డు కాడికి పోయింది. దేవుడా, ఒక్క మాట అనిపించయ్యా అని నేను లోపల వేరే ప్రార్థన మొదలుపెట్టినా. అప్పుడు పులుసు కాడికి పోయింది!"

ఎవరు ముందు నవ్వారో తెలియదు. డ్రైవరు వ్యాను పక్కకు ఆపేశాడు, నడపలేక. సరోజత్త కళ్లు తుడుచుకుంటూ నా వీపు మీద గట్టిగా ఒకటి వేసింది, అందులో సగం నవ్వు, సగం పులుసు. నాకు నవ్వూ ఏడుపూ ఒకే దారిలో వచ్చి ఇరుక్కున్నాయి. అడవంతటిలో నిజాయితీగా కళ్లు మూసుకున్నది ఒక్క మనిషి. చూడాల్సిందీ ఆ ఒక్క మనిషే. ఆయనకు కావలసింది మూడక్షరాల మాట. అది నా దగ్గరే ఉంది. నేను పులుసు వడ్డించాను.

"ఏడవమాకమ్మా" అన్నాడు తాత. "ముఖం ఎట్టుండాదో చెప్పు."

చెప్పాను. ఎలా చెప్పానో నాకే తెలియదు. చిన్న కళ్లు, ఎప్పుడూ ఏదో మర్చిపోయినట్టు చూసే చూపు, సన్నగా సాగిన ముక్కు, నాలుక, గోరింటాకు నడక, చేతులు కట్టుకుని నిలబడ్డం. బిట్రగుంట వచ్చేదాకా చెబుతూనే ఉన్నాను. మధ్యలో పాస్టరమ్మగారు "కళ్లు అంత చిన్నవేం కాదు" అనీ, సరోజత్త "నీ మొహం, నేను నీకంటే బాగా చూసినా" అనీ, ప్రార్థనలో కళ్లు తెరిచిన పాపులంతా కలిసి తాతకు ఆ ముఖాన్ని గీసి ఇచ్చారు. దిగేటప్పుడు ఆయన అన్నాడు:

"పెంచలయ్యకు చెప్పినా. ఇంకో మంచి వాన పడితే ఫోన్ చేస్తాడు. పోదాం."

"మోకాళ్లో?" అంది పాస్టరమ్మగారు.

"ఇంట్లో కూర్చున్నా నొప్పే గదా! ఆడికొచ్చి నొప్పిపెట్టనీ. ఒకటే షరతు, ప్రార్థన దీవెనే చెయ్యాల."

"వద్దు!" అని ముగ్గురు ఒకేసారి అన్నారు. ఎవరా ముగ్గురో మీరు ఊహించగలరు.

"ఆరుసార్లు పోయినా రాలేదు. ఈ పిల్ల నోరు తెరిచినాకే వచ్చింది. చేస్తే దీవెనే చెయ్యాల!"

ఇప్పుడు ఆకాశంలో మబ్బు కనిపిస్తే చాలు, నేను ఫోన్ ఆపేస్తున్నాను. అందుచేత, పూర్తి స్పృహతో, ఎవరి బలవంతమూ లేకుండా నేను చేస్తున్న ప్రతిజ్ఞ ఏమిటంటే: ప్రార్థననూ, పులుసునూ ఇకమీదట ఒకే పుస్తకంలో రాయను. చదవాల్సిన పేజీ తప్ప మరో పేజీ తిప్పను. అన్నిటికంటే ముఖ్యంగా, ఆ అడవిలో మళ్లీ తలలు వంచి కళ్లు మూసుకున్న రోజున, నేను ముందు ఆమెన్ అనేస్తాను. ప్రార్థన ఆ తర్వాతే మొదలుపెడతాను.